గుడ్డకు అవతలి పక్క

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏళ్లు నిండి, జడ నడుము దాటి, బుద్ధి మాత్రం ఇంకా భుజాల దగ్గరే ఆగిపోయిన రోజుల్లో, నాకు ఒక్క విషయం మీద తిరుగులేని నమ్మకం ఉండేది. బొమ్మ చూపిస్తే చాలు, ఎంత మొద్దు పిల్లకైనా చదువు వచ్చి తీరుతుందని. ఈ నమ్మకం నాకు నంద్యాలలో, మా చర్చి సండే స్కూల్లో కుదిరింది. గోడకు వేలాడదీసిన బొమ్మల చుట్టలో ఓడను చూసి 'ఓ' నేర్చుకున్నాను, గొర్రెను చూసి 'గొ' నేర్చుకున్నాను. (సింహాన్ని చూసి 'సిం' కూడా నేర్చుకోవలసింది. కానీ ఆ సింహం అచ్చం మా పాస్టరుగారిలా ఉండటంతో నవ్వు ఆపుకోలేక ఆ పాఠమంతా వరండాలో నిలబడ్డాను.) ట్రైనింగులో కూడా దృశ్య సాధనాలు అనే మాట వినపడితే చాలు, నా చెవులు నిక్కబొడుచుకునేవి. మా నాయన కూడా అయ్యవారే. ఆయన మాత్రం "బొమ్మలు మంచివే పాపా, పిల్లోల్లను గూడా రవ్వంత చూస్తాండు" అనేవాడు. పెద్దవాళ్లు ఇలాంటివి అంటూనే ఉంటారని నేను సర్దుకుపోయేదాన్ని.

నాకు మొదటి ఉద్యోగం ఆళ్లగడ్డ పక్క ఒక పల్లెలో వచ్చింది. ఆళ్లగడ్డలో బస్సు దిగి, రెండు మైళ్లు నడిచి, వంక అని అక్కడివాళ్లు పిలిచే ఒక వాగు దాటితే ఊరు. బడి అంటే ఒక పొడుగాటి గది, మధ్యలో రెండు రాతి కంబాలు, అయిదు తరగతులు, ఇద్దరం టీచర్లం. రెండో మనిషి హెడ్మాస్టరు. ఊళ్లో అందరూ ఆయన్ని పెద్దయ్యవారు అనేవాళ్లు. ఆయన ముప్పై ఏళ్లుగా ఇసుకలో వేలితో దిద్దించి, చింతబరికెతో సరిచేసి, ఊరు ఊరంతటికీ సంతకం నేర్పిన మనిషి. నేను చేరిన మొదటిరోజే నా చేతిలోని రంగు రంగుల అట్టముక్కలు చూసి, పొడుం పీల్చి, "ఏందీ పాపా ఇవి? పేకముక్కలా?" అని అడిగాడు. నా ఉద్యోగం తాత్కాలికం. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చూసి, బాగుందని రాస్తేనే ఖాయం. అందుకని పేకముక్కల మాటను దిగమింగి నవ్వాను.

అలాంటి సమయంలో ఇన్‌స్పెక్టరుగారి దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సినిమా ద్వారా అక్షరాలు నేర్పే కొత్త పద్ధతి ఒకటి వచ్చిందనీ, దాన్ని మొదట మా బడిలోనే చూపాలని ఆయన నిర్ణయించారనీ, ప్రొజెక్టరూ రీలూ మనిషీ నంద్యాల నుంచి వస్తున్నాయనీ అందులో ఉంది. ఆ కాగితం చదివి నేను ఎగిరి గంతేశాను. పెద్దయ్యవారు ఇంకోసారి పొడుం పీల్చాడు.

ప్రొజెక్టరు ఎద్దులబండి మీద, గడ్డిలో పడుకుని వచ్చింది. దాని పక్కనే, దానికి ఎండ తగలకుండా తన తువ్వాలు కప్పి, ఒక సన్నపాటి మనిషి. పిల్లలు ఆయనకు అప్పటికప్పుడే 'బొమ్మలాయన' అని పేరు పెట్టేశారు. మా బడికి కరెంటు లేదు కాబట్టి పక్కనున్న పిండిమర నుంచి వైరు లాగాం. కిటికీలకు గోనెపట్టలు కట్టి చీకటి చేశాం. తీరా చూస్తే తెర లేదు. నంద్యాలలోనే మర్చిపోయి వచ్చాడు. అప్పుడు పెద్దయ్యవారు ఇంటికి వెళ్లి తన పెళ్లినాటి పంచె తెచ్చిచ్చాడు. (ఆ పద్ధతికి ఆయన చేసిన సాయం అదొక్కటే. కొంప ముంచింది కూడా అదే.) ఎన్ని చాకిరేవులు చూసిందో ఆ పంచె, ఉల్లిపొరలా పల్చబడిపోయింది. ప్రొజెక్టరులో దీపం బలం చాలక, తెర దూరంగా కడితే బొమ్మ మసకబారుతోంది. అందుకని గది మధ్యలో ఉన్న రెండు కంబాలకే పంచెను బిగించి కట్టాం. గది సగానికి రెండుగా చీలింది.

ఇంక చెప్పేదేముంది, మగపిల్లలంతా ప్రొజెక్టరు ఉన్న వైపు దూకి కూర్చున్నారు. వాళ్ల వెనక పిండిమర యజమాని, ఇద్దరు ముగ్గురు తాతలు కూడా చేరారు. ఆడపిల్లలు గుమ్మంలోనే నిలబడిపోయారు. పెద్దయ్యవారు పంచెను వేళ్లతో తడిమి చూసి తీర్పు చెప్పాడు. "ఆడపిల్లోల్లు యెనక పక్క కూచ్చోండి. గుడ్డ పల్చగా ఉండాది. బొమ్మ ఆ పక్కకూ దిగుతాది. సినిమా సినిమానే గదా, యా పక్కైతే ఏంది?" నేను కూడా ఆడపిల్లనే కదా, ఏమైనా అన్నానా? "అవును, బొమ్మ చక్కగా కనపడుతుంది, వెళ్లండి" అని వాళ్లను నా చేతులతో నేనే తోలాను.

రీలులో మాట లేదు. ఒక తలకాయ బొమ్మ వచ్చేది. తర్వాత ఒక చెయ్యి వచ్చి, సుద్దముక్కతో నిదానంగా 'త', 'ల' అని రాసేది. తర్వాత వల, పలక, గద. మాట చెప్పడం నా పని. నేను పంచె ముందు నిలబడి, పొడుగాటి బెత్తంతో చూపిస్తూ, గొంతు చించుకుని "త... ల... తల!" అనేదాన్ని. పంచెకు ఈ పక్క నుంచి ముప్పై గొంతులు, ఆ పక్క నుంచి పాతిక గొంతులు "తల!" అని అరిచేవి. ఆ అరుపుకు నా ఒళ్లు పులకరించేది. రీలుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఒక నియమం కూడా ఉంది. బొమ్మలు చూపే రోజుల్లో పిల్లలను పలకలు ముట్టనివ్వకూడదు, అక్షరం మనసులో కుదురుకున్నాకే రాయించాలి, అని. నేను దాన్ని బైబిలు వాక్యంలా పాటించాను. పలకలన్నీ పోగేసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

బొమ్మలాయన రెండు రోజులుండి పోవలసినవాడు. రెండోరోజు సాయంత్రం మొదలైన వాన మూడు రోజులు విడవలేదు. వంక పొంగి ఆళ్లగడ్డ దారి తెగిపోయింది. ఆయన పది రోజులు మా ఊళ్లోనే ఉండిపోయాడు. ఇంటికొక పూట భోజనం. జొన్నరొట్టె, కోడికూర తిని తిని ఆ సన్నపాటి మనిషికి బుగ్గలు వచ్చాయి. తిండికి బదులుగా రోజుకు మూడుసార్లు అదే రీలు తిప్పేవాడు. పిండిమర ఆడటం మొదలైతే కరెంటు తగ్గి తలకాయ మసకబారేది. "అప్పా, తల పోతాంది, మర నిలపప్పా!" అని బొమ్మలాయన కిటికీలోంచి కేక వేసేవాడు. "జొన్నలు యాడ పోసుకోవాల్నప్పా, నీ తలమీదా?" అని మరాయన జవాబిచ్చేవాడు.

ఆ పది రోజుల్లో దేవుడు నాకొక హెచ్చరిక పంపకపోలేదు. ఆరోరోజు ఒక అవ్వ బడికి వచ్చింది. ఒకటో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అహోబిలంలో గుండు చేయించుకుని వచ్చి, అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకలతో గుండ్రంగా ఉండేది. అందరూ దాన్ని బుడంకాయ అని పిలిచేవాళ్లు. ఈ అవ్వ దాని నాయనమ్మ. "ఏం టీచరమ్మా, మా పాప పొయ్యికాడ బూడిదలో పుర్రచేత్తో ఏందేందో గీస్తాంది. వద్దే అంటే, బడిలో ఇట్లనే చెప్పినారు అంటాంది. ఏందీ చోద్యం?" అని నిలదీసింది. నేను చాలా ఓర్పుగా, ఎడమచెయ్యి వాడే పిల్లల మనస్తత్వం గురించి ట్రైనింగులో విన్నదంతా ఆ అవ్వకు చెప్పాను. ఆమె అంతా విని, "నీకు పెండ్లయిందా?" అని అడిగి, కాలేదని తెలుసుకుని, తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయింది.

పదకొండో రోజు వంక తగ్గింది. తగ్గీ తగ్గకముందే ఇన్‌స్పెక్టరుగారి జీపు బురదలో ఈదుకుంటూ వచ్చేసింది. ఆయన కోస్తా వైపు మనిషి, ఇస్త్రీ బట్టలు, మెత్తటి మాట. వస్తూనే, "అమ్మా, ఈ పద్ధతి గురించి మొన్న మీటింగులో అరగంట మాట్లాడాను. ఇప్పుడు ఫలితం కళ్లతో చూడాలి" అన్నారు. నేను మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకుని మగపిల్లలను లేపాను. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి తల, వల, గద అని ముత్యాల్లా రాశారు. ఇన్‌స్పెక్టరుగారి మొహం విప్పారింది. పెద్దయ్యవారు కూడా పొడుం డబ్బీ తెరవడం మర్చిపోయాడు. నా ఉద్యోగం ఖాయమైపోయినట్టూ, మొదటి జీతంతో అమ్మకు చీర కొన్నట్టూ కూడా ఊహించేసుకున్నాను.

"ఆడపిల్లల్లో ఎవరైనా?" అన్నారాయన. పిలవకముందే బుడంకాయ లేచి వచ్చింది. "తల రాయి పాపా." అది సుద్దముక్కను ఎడమచేత్తో పట్టుకుంది. బోర్డుకు కుడి చివరకు నడిచింది. అక్కడి నుంచి ఎడమవైపుగా, తడుముకోకుండా, చక్కని గుండ్రటి చేతిరాతతో 'తల' అని రాసింది. అద్దంలో చూస్తే సరిగ్గా ఉండేట్టు రాసింది. వంపులన్నీ అటువి ఇటు. ఇన్‌స్పెక్టరుగారు మెడను ఒక పక్కకు వంచారు, రెండో పక్కకు వంచారు. నంద్యాల అచ్చాఫీసుల్లో తిరగేసిన సీసపు అక్షరాలు పేర్చేవాళ్లు తప్ప దాన్ని ఎవరూ చదవలేరు. "ఏమ్మా, నేను వచ్చింది తెలుగు బడికేనా?" అన్నారు నన్ను చూసి. తర్వాత బుడంకాయ వైపు తిరిగి, "ఎడమచేత్తో రాస్తున్నావేం?" అని అడిగారు.

"బొమ్మలో ఆయప్ప గూడా ఈ చేత్తోనే రాసె సార్."

"లేదు సార్, అబద్ధం! కుడిచేత్తో రాసినాడు" అని మగపిల్లలు లేచారు. "ఎడంచేత్తో!" అని ఆడపిల్లలంతా లేచారు. గదిలో సంత మొదలైంది. ఇన్‌స్పెక్టరుగారు చెయ్యెత్తి అందరినీ ఆపి, తానే స్వయంగా బోర్డు మీద 'తల' అని పెద్దగా రాసి, రెండో తరగతిలో కాస్త పెద్దపిల్లను లేపారు. ఆ పిల్లకు పోయిన ఏడాదే అక్షరాలు వచ్చాయి. అయితే చదవడం కుడి నుంచి మొదలుపెట్టాలని ఈ పది రోజుల్లో నేర్చుకుంది. బోర్డును శ్రద్ధగా చూసి, "లత సార్" అంది.

వెనక వరుసలో ఒక పిల్ల లేచి, చేతులు కట్టుకుని, "ప్రెజెంట్ సార్" అంది. దాని పేరు లత.

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. మూలన వైరు చుట్టుకుంటున్న బొమ్మలాయన, అడక్కముందే, "మిషన్‌లో తప్పు లేదు సార్, నా మిషన్ బంగారం" అన్నాడు. పెద్దయ్యవారు గొంతు సవరించుకుని, "పంచె నాదే గానీ పాఠం నాది గాదు సార్" అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆడపిల్లలు ఎక్కడ కూర్చున్నారని అడిగారు. మేము ముగ్గురం నేల చూపులు చూశాం. బుడంకాయే చెప్పింది. "గుడ్డకు ఆ పక్క సార్. ఈ పక్క మగపిల్లోల్లు, మరాయన, తాతలు కూచ్చున్నారు. మాకు తావు ల్యా."

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తిడతారేమోనని ఎదురుచూశాను, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నన్ను వరండాలోకి పిలిచి, "నెల రోజులు టైమిస్తున్నానమ్మా. ఈలోగా ఈ పిల్లలు ఎడమ నుంచి కుడికి రాకపోతే, నీ పోస్టు గురించి నేను మంచిమాట రాయలేను. నా గురించి కూడా ఎవరూ రాయరనుకో" అన్నారు. జీపు వెళ్లిపోయింది. ప్రొజెక్టరూ బొమ్మలాయనా కూడా దాంట్లోనే వెళ్లిపోయారు.

పలకలు బయటికి తీసి మర్నాటి నుంచే దిద్దించడం మొదలుపెట్టాను. అసలు కష్టం అప్పుడు తెలిసింది. మగపిల్లవాడికి తప్పు చెబితే దిద్దుకుంటాడు. ఈ పాతికమందీ దిద్దుకోరు. ఎందుకంటే వాళ్ల దృష్టిలో తప్పు రాస్తున్నది నేను. బుడంకాయ నా పలక చూసి, చాలా జాలిగా, "టీచర్, నువ్వే తిరగేసి రాస్తాండావు. బొమ్మలో అట్ల లేదు" అంది. నేను చెయ్యి పట్టుకుని దిద్దించాను, బతిమాలాను, బెల్లం పెట్టాను. బెల్లం తిని మళ్లీ కుడివైపు నుంచే మొదలుపెట్టారు. పెద్దయ్యవారు చింతబరికె తీసుకుని వచ్చాడు గానీ, "కొట్టినా సరే, సినిమా అబద్ధం చెప్పదు" అని ఆ పిల్ల చెయ్యి చాపేసరికి ఆయనే వెనక్కి తగ్గాడు. చివరికి, "నీకు నీ బొమ్మలే దిక్కు పాపా" అని, మొదటిసారి వెటకారం లేకుండా అన్నాడు.

ఆదివారం నంద్యాల వెళ్లి, నాయన ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన 'లత ప్రెజెంట్ సార్' దగ్గర నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు. "ఆ పది దినాల్లో ఒక్కతూరన్నా నువ్వు ఆ పక్కకు పోయి కూచ్చున్నావా పాపా?" బెత్తం పట్టుకుని వెలుగులో నిలబడి ఉన్నాను కదా. చీకట్లోకి ఎందుకు వెళతాను?

సోమవారం పొద్దున్నే, నంద్యాలలోనే ఉన్న బొమ్మలాయన ఇంటికి వెళ్లి కాళ్లా వేళ్లా పడ్డాను. ఆయన ఆఫీసులో ఎవరినో ఒప్పించి, నాలుగు రోజుల్లో ప్రొజెక్టరుతో మళ్లీ దిగాడు. (నా మీద జాలితో అని ఆయన అన్నాడు. కోడికూర మీద ప్రేమతో అని ఊరంతా అంది.) మళ్లీ గోనెపట్టలు, మళ్లీ పంచె. ఈసారి ఆడపిల్లలను ప్రొజెక్టరు వైపు, ముందు వరుసలో కూర్చోబెట్టాను. బొమ్మ పడింది. తలకాయ వచ్చింది. చెయ్యి వచ్చింది. ఎడమ నుంచి రాయడం మొదలుపెట్టింది. పాతికమందీ ఒక్కసారిగా, "టీచర్, తప్పు! తప్పు!" అని గోల పెట్టారు. "ఇది మగపిల్లోల్ల సినిమా, మాది గాదు" అంది ఒకతి.

బుడంకాయ లేచింది. ఎవరినీ అడక్కుండా పంచె అంచు ఎత్తి అవతలికి వెళ్లింది. చెయ్యి రాస్తూనే ఉంది. కాసేపటికి ఇవతలికి వచ్చి చూసింది. మళ్లీ అవతలికి వెళ్లింది. బొమ్మలాయన రీలు ఆపబోతే నేను వద్దని సైగ చేశాను. అట్లా అయిదారుసార్లు తిరిగింది. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని, గది అదిరేట్టు అరిచింది:

"ఓమ్మే! ఆ పొద్దు మనం చూసింది బొమ్మ యీపు!"

తర్వాత ఒక్కొక్కతే లేచి పంచె కిందుగా దూరి చూసి రావడం మొదలైంది. పాతికమంది అటూ ఇటూ తిరిగేసరికి కంబాలకు కట్టిన ముడి ఊడి, పెద్దయ్యవారి పెళ్లినాటి పంచె నిలువునా చిరిగింది. ఆయన చూసి, "పోనీలే, ఇంగ ఎవురికి పెండ్లి" అన్నాడు. నాకు సంతోషంతో ఏడుపు వస్తుంటే, బుడంకాయ మాత్రం నన్ను కోపంగా చూస్తోంది. "పది దినాలు మాకు యీపు చూపించి మగపిల్లోల్లకు మొగం చూపిస్తివి. ఇంగ పది దినాలు వాల్లను యెనక కూచ్చోబెట్టు" అంది. న్యాయమే. కానీ మళ్లీ ఇన్‌స్పెక్టరుగారు, మళ్లీ అద్దం రాత... ఆ ఊహకే చెమట పట్టింది. పది రోజులు కుదరదు, ఒక్కపూట అని బేరమాడాను. చిరిగిన పంచెను కుట్టించి, ఆ మధ్యాహ్నం మగపిల్లలను అవతల కూర్చోబెట్టాం. ఆడపిల్లలు ముందు వరుసలో రాణుల్లా కూర్చుని, చెయ్యి రాసే ప్రతి అక్షరానికీ, "ఆ పక్క ఏం కనపడతాందిరా? యీపేనా?" అని అడుగుతూ తీరిగ్గా సినిమా చూశారు. వారం తిరిగేసరికి అందరి సుద్దముక్కలూ కుడిచేతికి వచ్చేశాయి.

నెల నిండింది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఈసారి మెత్తటి మాటలు తక్కువ. నేరుగా బుడంకాయనే లేపారు. "తల రాయి." అది బోర్డు దగ్గరకు వెళ్లి, రెండు చివరలూ చూసి, వెనక్కి తిరిగి, "యా పక్క నుంచి రాయాల సార్? నాకు రెండూ వస్తాయి" అంది.

ఆయన మొదట పెదవులు బిగించారు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. మా విజిట్ పుస్తకంలో, ఈ పాఠశాల బాలికలు అక్షరములను ఉభయ పార్శ్వముల నుండి గుర్తించగల ప్రజ్ఞ కలిగియున్నారని రాసి, కింద నా పేరుతో, ఉద్యోగం ఖాయం చేయదగినదని మరో వాక్యం రాశారు. అమ్మకు చీర కొన్నాను.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. ఎనభైల చివర్లో నంద్యాలలో ఒక బడిలో ఉండగా టీవీ, వీడియో వచ్చాయి. దానితో పాటు కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి కూడా. నడుము దాటిన జడ, కళ్లనిండా వెలుగు. క్యాసెట్టు పెట్టి, బెత్తం పట్టుకుని టీవీ పక్కన నిలబడి, "ఇంక చూడండి మేడం, పిల్లోల్లకు చదువు ఎట్ల వస్తాదో!" అంది. నేను వెనక బెంచీలో నుంచి లేచి, పిల్లల మధ్య నుంచి నడిచి, టీవీ వెనక్కి వెళ్లి తొంగిచూశాను.

"యాడికి పోతాండారు మేడం? ఏం చూస్తాండారు?" అంది ఆ అమ్మాయి కంగారుగా.

"ఏం ల్యా పాపా, యెనక ఎవురన్నా కూచ్చున్నారేమోనని" అన్నాను.

దుమ్మూ వైర్లూ తప్ప అక్కడ ఎవరూ లేరు. మంచిదే కదా. ఎందుకో మరి, కాస్త వెలితిగా అనిపించింది.